గడ్డిలో దాచిన పాదాలు

ఇమ్మానుయేలు వేసిన ఏ జంతువుకీ పాదాలు కనిపించవు. లారీల వెనక దౌడు తీసే గుర్రాలు మోకాళ్ళ లోతు గడ్డిలో దౌడు తీస్తాయి. అమ్మవారి గుడి గోడ మీద సింహం గడ్డిలో నిలబడి నోరు తెరుస్తుంది. పలాసలో జీడిపప్పు వ్యాపారి ధర్మారావు తన గేటు పక్కన కాపలా కుక్క బొమ్మ వేయించుకుంటే, దానికీ గడ్డే.

"ఒరే ఇమ్మానుయేలూ, కుక్క ఉన్నాది జాగ్రత్త అని రాయమన్నాను గానీ, కుక్క గడ్డి మేస్తన్నాది జాగ్రత్త అని రాయమన్నానేటిరా?" అన్నాడు ధర్మారావు.

"పచ్చగా ఉంటాది బాబూ. ఇంటికి మంచిది."

ధర్మారావు నవ్వి ఊరుకున్నాడు. ఆ కుక్క కళ్ళు చూసి గేటు దగ్గర కొత్తవాళ్ళు ఆగేవారు. అది చాలు అతనికి.

కళ్ళు ఇమ్మానుయేలుకి వచ్చు. వెంట్రుకలు వచ్చు, తడిసిన ముట్టె మెరుపు వచ్చు. పాదాలు రావు. గిట్ట నేల మీద ఎలా ఆనుతుందో, పంజాలో వేళ్ళు ఎలా విడతాయో, బరువంతా ఎక్కడ దిగుతుందో అతని చేతికి ఎన్నడూ అందలేదు. విజయనగరంలో సినిమా బోర్డులు గీసే గణపతిరావు దగ్గర పని నేర్చుకున్నాడు. ఆయనకూ పాదాలు రావు. "కాళ్ళు రానోడికి గడ్డే దేవుడురా" అనేవాడు. కుంచెను అడుగునుంచి పైకి విసిరితే ఒక పరక. అలా విసురుతూ పోతే గడ్డి. చూసేవాళ్ళకి అందంగా ఉండేది. దాని కింద ఏముందని ఎవరూ అడగలేదు.

అతని ఊరు ఉద్దానంలో, కొబ్బరితోటలకీ జీడితోటలకీ మధ్య ఉంది. ఊళ్ళో బాప్తిస్టు మందిరం ఉంది. తాతల నాడు మిషను దొరలు కట్టించింది. ప్రసంగవేదిక పక్క గోడ చాలాకాలం ఉత్త సున్నంతో ఉండేది. సంఘ పెద్ద సత్యానందం మేష్టారి ఒక్కగానొక్క కూతురు షాలిని జ్వరంతో పోయింది. ఆ ఏడాదే ఆయన ఇమ్మానుయేలుని పిలిచి ఆ గోడ మీద బొమ్మ వేయమన్నారు. రాబోయే రాజ్యంలో క్రూరమృగాలూ సాధుజంతువులూ కలిసి బతుకుతాయని ప్రవక్త చెప్పిన మాట ఉంది కదా, ఆ మాటకి బొమ్మ. ఆవూ ఎలుగుబంటీ ఒకచోట మేయాలి. వాటి పిల్లలు పక్కపక్కన పడుకోవాలి. ఒక పసిపిల్ల వాటిని తోలుకుపోవాలి.

"ఆ పిల్లకి మా షాలిని మొహం పెట్టు" అన్నారు మేష్టారు. ఒక ఫోటో ఇచ్చారు.

ఇమ్మానుయేలు అప్పటికి ఎలుగుబంటిని దగ్గరగా చూడలేదు. పనసపళ్ళ కాలంలో అవి కొండ దిగి వస్తాయని అందరికీ తెలుసు. పొద్దున్న చెట్టు కింద చీల్చిన పనసతొక్కలు కనిపించేవి, అంతే. అతని ఇంట్లో కాలియా అనే నల్లకుక్క ఉండేది. దాని మొహం తీసుకున్నాడు. ముట్టె కొంచెం సాగదీశాడు. ఒంటి మీద జుట్టు పెంచాడు. గుండెల మీద తెల్లని వంపు వేశాడు. కళ్ళు మాత్రం కాలియావే, అన్నం పెట్టిన చేతిని చూసే కళ్ళు. షాలిని చెయ్యి దాని వీపు మీద పెట్టాడు. ఎలుగుపిల్లా దూడా ఒకదాని మెడ మీద ఒకటి తల ఆన్చి పడుకున్నాయి. బొమ్మ అడుగు నేల దాకా దిగింది. అక్కడంతా గడ్డి.

మంచి ఎనామిల్ రంగు వాడాడు, కలకాలం నిలవాలని.

అతని భార్య ఎలీసమ్మదీ ఆ ఊరే, అప్పటికి కొత్త పెళ్ళికూతురు. మొదటి ఆదివారం గోడ మీద కాలియాని గుర్తుపట్టి ప్రార్థన మధ్యలో కిసుక్కున నవ్వింది. పక్కనున్న ఆడవాళ్ళు మోచేత్తో పొడిచారు. ఆ తర్వాత ఏళ్ళతరబడి సండే స్కూలు పిల్లలు ఆ ఎలుగు ముట్టెని తడిమి తడిమి నున్నగా చేశారు. ఎలుగుపిల్లకి వీపు ఆన్చి కూర్చుని పాటలు నేర్చుకున్నారు. పాటలు నేర్పేది ఎలీసమ్మే. మందిరంలో పాట ఎత్తాలంటే ఆమె గొంతే ముందు లేవాలి. వాళ్ళకి పిల్లలు కలగలేదు. కాలియా ముసలిదై చచ్చిపోయింది. "గోడ మీద ఉన్నాదిలే" అనేది ఆమె.

రెండు వేల పదమూడు తుపానుకి కొండవైపు తోటలు కూలాయి. ఎలుగులు ఊళ్ళ మధ్యకి రావడం ఎక్కువైంది. రెండు వేల పదహారు వేసవిలో, జీడిపిక్కలు ఏరే రోజుల్లో, ఎలీసమ్మ మీద ఒక ఎలుగుబంటి పడింది.

శ్రీకాకుళం ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు. ఎడమ కన్ను, ఆ పక్క చెంప, సగం పెదవి నిలబెట్టడం ఎవరి వల్లా కాలేదు. ఇంటికి వచ్చాక ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. కొంగు ఎడమవైపు దించుకుని, గోడవైపు తిరిగి కూర్చునేది. వీధి గుమ్మంలోకి రాదు. బోరింగు దగ్గరికి రాదు. చుట్టాలు చూడ్డానికి వస్తే నిద్రపోతున్నట్టు పడుకునేది. ఆదివారం మందిరం గంట కొట్టగానే లేచి, పని లేకపోయినా గిన్నెలు ముందేసుకుని తోమేది. ఇమ్మానుయేలు వడ్డిస్తే తినేది, లేకపోతే లేదు.

బేబీ ఎలీసమ్మకి చిన్నాన్న కూతురు. మందిరం తుడిచే పని ఆమెది. నోరు మూతపడని మనిషి. ఒకరోజు ఆమె ఇంట్లోకి రాకుండా ఇమ్మానుయేలుని కొబ్బరిచెట్ల కిందికి పిలిచింది.

"బావా, అప్ప నన్ను తోటకి కొట్టే మందు తెమ్మన్నాది."

"ఎందుకట?"

"సీమలకట." బేబీ గొంతు తగ్గించింది. "మీ ఇంట్లో సీమలున్నాయేటి బావా?"

ఇంట్లో చీమలు లేవు. తోటకి కొట్టే మందు డబ్బా మాత్రం పెరట్లో పాకలో ఉంది. బేబీ వెళ్ళగానే ఇమ్మానుయేలు దాన్ని తీసి, కొబ్బరిపీచు గుట్ట కింద లోపలికంటా దాచాడు. దాచినచోటు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. ఎన్నాళ్ళు దాచగలడు? ఊరంతా తోటలే. ప్రతి పాకలోనూ ఒక డబ్బా ఉంది.

ఇంట్లోకి వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"ఈ ఆదోరం మందిరానికి రా, ఎలీసమ్మా. ఎనకాల కూకుందాం. ఎవులూ నీ వొంక సూడరు."

"నాను రాను."

"ఎవులైనా ఏటైనా అంతారనా?"

"మనుసులకి కాదు." పెదవి సగమే కదులుతుంది కాబట్టి ఆమె మాట ఆగి ఆగి వచ్చేది. "ఆ ఎలుగు అక్కడున్నన్నాళ్ళు రాను."

"అది బొమ్మే కదే."

ఆమె పొయ్యిలో బూడిదని పుల్లతో కదిపింది.

"అది నా మీద ఎలాగ పడిందనుకున్నావు? ఎనకమాల్నుంచి వచ్చీసిందనుకున్నావా?"

అతను అలాగే అనుకున్నాడు. ఊరంతా అలాగే అనుకుంది.

"ముందు ఎలుగుపిల్ల కనపడ్డాది. జీడిసెట్టు కింద ఒక్కర్తీ కూకొని పండు తింతన్నాది. అచ్చం మన గోడ మీద పడుకున్నాదే, అలాగే. నాకు నవ్వొచ్చింది. కాలియాని పిలిసినట్టు పిలిసినాను."

ఇమ్మానుయేలు గుమ్మం చెక్క పట్టుకున్నాడు.

"తల్లి వచ్చింది. నాను పరిగెట్టనేదయ్యా. దాని మొకమే సూస్తన్నాను. కాలియా కళ్ళు ఎక్కడున్నాయాని సూస్తన్నాను."

ఆమె ఏడవలేదు. కోపంగానూ అనలేదు. అడిగినదానికి చెప్పింది, అంతే. అతను లేచి పెరట్లోకి వెళ్ళి, చేతులు కడుక్కున్నాడు. ఎందుకు కడుక్కుంటున్నాడో అతనికి తెలియలేదు. రంగేమీ లేదు వాటికి.

సాయంత్రం సత్యానందం మేష్టారి ఇంటికి వెళ్ళాడు. మేష్టారు వాకిట్లో కుర్చీలో ఉన్నారు.

"ఎలీసమ్మ ఎలాగున్నాదిరా?"

"బాగోనేదు మేష్టారూ. గోడ మీద ఎలుగుని తీసీనా? ఆ ఒక్కటే. మందిరానికి రానంతన్నాది. మీరు ఊఁ అంటే దాని మీద రంగు కొట్టీసి ఒక లేడిని ఏస్తాను." మందు డబ్బా మాట చెప్పలేకపోయాడు. చెబితే ఊరంతా తెలుస్తుంది. తెలిస్తే ఆమె ఇంక ఎవరికీ మొహం చూపించదు.

మేష్టారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నా పిల్ల చెయ్యి దాని మీదున్నాది కదరా."

"చెయ్యి ముట్టుకోను. చేతి కింద లేడి వీపొస్తాది."

"రంగు మీద రంగేస్తే ఎక్కడ ఆగుతాదో నీకు తెలీదా? వేలు పోతాది, తర్వాత చెయ్యి పోతాది. మళ్ళీ గీస్తానంటావు. ఏటి సూసి గీస్తావు? ఫోటోలన్నీ తుపానులో తడిసి అట్టలైపోయాయి. నీకు గుర్తున్నాదా దాని మొహం?"

ఇమ్మానుయేలు తల దించుకున్నాడు.

"నాకూ సరిగ్గా గుర్తురాదురా. కన్నతండ్రిని. ఆదివారం ఆదివారం వచ్చి సూసుకొని, వారమంతా గుర్తుంచుకుంటన్నాను."

ఇంకేమీ మిగల్లేదు అడగడానికి. ఇమ్మానుయేలు సముద్రం వైపు తోటలో చీకటిపడే దాకా ఊరికే తిరిగాడు. ఒక ఎలుగు ఎదురైతే బాగుండునని కూడా అనుకున్నాడు. ఏదీ ఎదురు కాలేదు.

మర్నాడు పొయ్యి దగ్గర ఆమెకి చెప్పాడు. "మేష్టారు ఒప్పుకోనేదు. షాలిని మొకం పోతాదంట."

పెళ్ళికి ముందు షాలినికి పాటలు నేర్పింది ఎలీసమ్మే.

"తియ్యొద్దు అయితే. పాపం, ఆయన పిల్ల." తర్వాత అంది, "గోళ్ళు పెట్టు."

"ఏటి?"

"గడ్డిలో దాసీసినావు కదా, దాని పాదాలు. గడ్డి తీసీ. ఆ పిల్లలు రోజూ దాన్ని రాసుకొని కూకుంతన్నారు. నాను కూడా అలాగే కూకున్నాను. దానికి ఏటున్నాయో సూపించు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెకి చెప్పని మాట ఒకటే ఉంది. ఇప్పుడు చెప్పాడు. "నాను దాయనేదే. నాకు పాదాలు రావు. ఏ జంతువువీ రావు. అందుకని గడ్డి."

"నాకొచ్చు" అంది ఎలీసమ్మ.

పొయ్యిలోంచి ఒక చల్లారిన బొగ్గు తీసి అతని ముందు పడేసింది. అతను వంటింటి గచ్చు మీద ఒక పంజా గీశాడు. పిల్లి పంజాని పెద్దది చేసినట్టు వచ్చింది.

"కాదు. పొడుగు."

"ఎంత?"

ఆమె తన చూపుడువేలు అతని కళ్ళ ముందు పెట్టింది. అతను చెరిపి మళ్ళీ గీశాడు.

"నల్లగా ఉంటాయా?"

"తెల్లగా. పాత ఎముక లాగ. మొదళ్ళలో మట్టి పట్టి ఉంటాది."

"పిల్లికి లాగ లోపలికి పోవా?"

"ఎక్కడికీ పోవు. ఎప్పుడూ బయటే. నడిస్తే నేల గీసుకుంతాయి. ముందు ఆ సప్పుడే ఇన్నాను నాను." ఆమె ముందుకు వంగింది. "పాదం తిన్నగా పెట్టీవేటి? లోపలికి తిరిగుంటాది. నడక నేర్సిన పిల్ల అడుగేసినట్టు."

గీసినదాన్ని అరిచేత్తో చెరిపింది. అతను మళ్ళీ గీశాడు. మళ్ళీ చెరిపింది. గచ్చు నల్లగా అయింది, ఇద్దరి చేతులూ నల్లగా అయ్యాయి.

"గణపతిరావుగారు నీ కన్నా నయమే. ఆయన కర్రతో కొట్టి వదిలీసీవోడు" అన్నాడు ఇమ్మానుయేలు.

ఆమె గొంతులో ఏదో చప్పుడైంది. నవ్వో కాదో ఆ పెదవితో చెప్పడం కష్టం. అప్పుడు చూశాడు, ఆమె కొంగు ఎప్పుడో జారిపోయింది. ఆమె సరిచేసుకోలేదు. అతను ఆ చెంప మీద గీతల్ని చూశాడు, గచ్చు మీద గోళ్ళని చూశాడు. ఒకదానికొకటి సరిపోయాయి.

"ఇదే" అంది ఎలీసమ్మ. "ఆదోరం వస్తాను."

శనివారం మధ్యాహ్నం బేబీ తుడవడానికి మందిరం తలుపు తీసింది. ఇమ్మానుయేలు రంగు డబ్బాలతో వెనకే లోపలికి వచ్చాడు.

"మేష్టారికి తెలిస్తే నా సీపురు నా మీదే తిరగేస్తారు బావా."

"అప్ప రేపొస్తానన్నాదే."

బేబీ వెళ్ళి తలుపు దగ్గర కాపలా కూర్చుంది.

ఎలుగు కింద గడ్డి మీద మట్టిరంగు వేశాడు. ఏనాడో ఒక్కొక్క పరకా విసిరి వేసిన గడ్డి కుంచె కింద సులువుగా పోయింది. ఎలుగు ముందుపాదం వేశాడు, లోపలికి తిప్పి. గోళ్ళు వేశాడు, ఒక్కొక్కటీ చూపుడువేలంత. మొదళ్ళలో మట్టి. చేయి ఆగలేదు, తడబడలేదు. పుట్టి బుద్ధెరిగాక అతను వేసిన మొదటి పాదం అది. వెనక్కి జరిగి చూశాడు.

అప్పుడు తెలిసింది. ఎలుగు దగ్గర గడ్డి తీస్తే దాని పక్కనున్న పిల్ల దగ్గరా గడ్డి పోయింది. షాలినికి పాదాలు లేవు. మట్టిలో మడమల పైన ఆగిపోయి గాలిలో ఉంది. అలా వదలలేడు. ఒక చిన్న పాదం వేశాడు, వట్టి పాదం, అయిదు వేళ్ళతో. దానికి జానెడు దూరంలో ఆ గోళ్ళు.

పైన కాలియా కళ్ళు అలాగే అన్నం పెట్టిన చేతిని చూస్తున్నాయి. షాలిని చెయ్యి అలాగే ఎలుగు వీపు మీద ఉంది. అతనికి ఆ పిల్లని అక్కణ్ణుంచి లాగేయాలనిపించింది. మందిరంలోంచి బయటికి వచ్చేశాడు.

ఆదివారం ఎలీసమ్మ కొంగు కప్పుకోకుండా బయల్దేరింది. దారి పొడుగునా అతని చొక్కా అంచు పట్టుకుంది. మందిరంలో రంగు వాసన ఇంకా ఉంది. తలలు తిరిగాయి. ముందు వరసలో చాప మీదున్న పిల్లలు ఆమె మొహం చూశారు. తర్వాత గోడ కింద గోళ్ళు చూశారు. ఎలుగుపిల్లకి ఆనుకుని కూర్చున్న పిల్లాడు మెల్లగా ముందుకు జరిగాడు.

ఆ వారం పాస్టరుగారు వేరే ఊళ్ళో ఉన్నారు. ఆరాధన మేష్టారు నడపాలి. ఆయన వేదిక ఎక్కి, ఎప్పటిలాగే ముందుగా గోడవైపు తిరిగారు, కూతుర్ని చూసుకోవడానికి. తిరిగినవారు తిరిగినట్టే ఉండిపోయారు. చేతిలో పాటల పుస్తకం కిందికి జారింది.

"ఒరే, ఏటి సేసినావురా?" ఆయన గొంతు ఎవరిదోలా వచ్చింది. "దాని కాలు దగ్గర... ఇమ్మానుయేలూ, గడ్డి ఎయ్యరా. ఇప్పుడే ఎయ్యి. నీకు దండం పెడతాను."

నిజంగానే చేతులు జోడించారు. అన్నేళ్ళు ఊరి పిల్లలకి అక్షరాలు దిద్దించిన చేతులు.

ఇమ్మానుయేలు లేచి నిలబడ్డాడు. గడ్డి వేయడం ఎంతసేపు? కుంచె విసిరితే ఒక పరక. వేస్తే ఎలీసమ్మ వంటింట్లోకి వెళ్ళిపోతుంది, ఈసారి బయటికి రాదు. వేయకపోతే ఈ ముసలాయన బతికినన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఆ గోళ్ళ పక్కన ఆ కాలు చూడాలి. అతను ఎలీసమ్మ వైపు చూశాడు, మేష్టారి వైపు చూశాడు. కాళ్ళు కదల్లేదు.

ఆడవాళ్ళ వైపునుంచి ఎలీసమ్మ లేచింది. వెళ్ళిపోతోందనుకున్నాడు. ఆమె గుమ్మం వైపు వెళ్ళలేదు. పిల్లల మధ్యనుంచి నడిచి గోడ దగ్గరికి వెళ్ళింది. ఒక్కసారి వంగి ఆ పాదాన్నీ ఆ గోళ్ళనీ చూసింది. తర్వాత ఇటు తిరిగి, గోడకి వీపు పెట్టి, ఆ గోళ్ళకీ ఆ పిల్ల కాలికీ అడ్డంగా చతికిలబడింది. అందరికీ ఎదురుగా.

"ఇప్పుడు కనపడతన్నాయా మేష్టారూ?"

మేష్టారు చాలాసేపు చూశారు. పైన షాలిని మొహం. కింద ఈ మొహం.

"లేదమ్మా."

"అయితే పాట ఎత్తండి."

ఆయన ఎత్తలేకపోయారు. ఎవరూ ఎత్తలేదు. ఆఖరికి ఆమే ఎత్తింది. సగం పెదవితో మాటలు సరిగ్గా రాలేదు, గాలి బయటికి పోయింది. పిల్లలు అందుకున్నారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఎలీసమ్మ అక్కడే కూర్చుంటోంది. జ్వరం వచ్చినా వెళ్తుంది. వెళ్ళకపోతే ఆ గోళ్ళు కనిపిస్తాయి మరి. మిగతా రోజులు వంటింట్లోనే. ఇమ్మానుయేలు ఇప్పుడు బొమ్మలు వేయడం తగ్గించాడు. గుర్రం వేయమని ఎవరైనా వస్తే పాదాలు లేకుండా వేయలేడు, పాదాలు వేస్తే దాని పక్కన ఎవరినీ నిలబెట్టలేడు. కొబ్బరిపీచు గుట్ట దగ్గరికి వెళ్ళి రోజూ చెయ్యి పెట్టి చూస్తాడు. మందు డబ్బా అక్కడే ఉంది.

మందిరంలో మగవాళ్ళ వైపు అతని చోటు సరిగ్గా ఆమెకి ఎదురు. అక్కణ్ణుంచి గోళ్ళు కనిపించవు. పైన అతను వేసిన కళ్ళు కనిపిస్తాయి, కింద ఆమె మొహం కనిపిస్తుంది. పాట అయ్యేదాకా అతను చాప అల్లికనే చూస్తూ కూర్చుంటాడు.